కడపలో టెన్త్ పిల్లల కెరీర్ గైడెన్స్ ప్యాకేజీ: రిపోర్టు కంటే కౌన్సెలర్ మాటకే విలువ

టెన్త్ పిల్లల కెరీర్ గైడెన్స్‌కి కడపలో ఒక ప్రైవేటు సెంటర్ 3,500 రూపాయలు తీసుకుంటోంది. ఆ డబ్బుకి మూడు వస్తాయి. మొదట గంటంబావు కంప్యూటర్ టెస్టు, వారంలో 22 పేజీల రిపోర్టు, ఆ తర్వాత అమ్మానాన్నలతో కలిపి కౌన్సెలర్ దగ్గర ముప్పావు గంట. వేలిముద్రలు తీసి తెలివితేటలు చెప్తామనే వ్యాపారం ఇక్కడ లేదు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు కాబట్టి ఇది మంచి విషయమే. ఊళ్లో ఆ పేరుతో వేలు గుంజే వాళ్లు ఎదురైతే దూరంగా ఉండండి.

టెస్టులో రెండు ముక్కలున్నాయి, ఇష్టాలు, సామర్థ్యాలు. ఇష్టాలు అడిగే 60 ప్రశ్నలు జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త పద్ధతి మీద తయారైనవి. చేతిపని, పరిశోధన, కళ, సేవ, నాయకత్వం, లెక్కాపత్రం అనే ఆరు కోవలు, ఒక్కో కోవకి పది ప్రశ్నలు. ప్రతి దానికీ 1 నుంచి 5 వరకు మార్కు పెట్టాలి, అంటే ఒక్కో కోవకి గరిష్ఠంగా 50. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలతో చదివిన జడ్పీ హైస్కూలు పిల్లకి ప్రశ్న సగం అర్థమైతే మధ్యలో ఉన్న 3 నొక్కి ముందుకు పోతుంది. అన్నిటికీ 3 పెడితే ప్రతి కోవకీ 30 వస్తుంది.

అలాంటి రిపోర్టు ఎలా ఉంటుందో చూడండి. నాలుగో పేజీలో ఆరు నిలువు గీతలు, 32, 31, 31, 30, 30, 29. కింద పెద్ద అక్షరాలతో “మీ టాప్ 3” అని మొదటి మూడు కోవల పేర్లు, ఆ పక్కనే 12 ఉద్యోగాల జాబితా. ఒకటి రెండు మార్కుల తేడాకి అర్థం లేదు, అదే పిల్ల మర్నాడు మళ్లీ రాస్తే వరుస తారుమారవుతుంది. పైదానికీ అడుగుదానికీ పది మార్కులైనా తేడా లేకపోతే ఆ జాబితాని పక్కన పెట్టేయండి. తెలుగులో చదివి వినిపించి మళ్లీ రాయించమని అడగండి. అడిగితే ఉచితంగా రాయిస్తారు, కానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు. తెలుగు ప్రశ్నపత్రం తయారు చేయించడం ఈ సెంటర్ వెంటనే చేయాల్సిన పని.

సామర్థ్యాల ముక్క నయం. ఆకారాలు తిప్పి చూసేవి, బొమ్మల వరుసలో తర్వాతిది పట్టుకునేవి భాషతో పని లేనివి, వాటి మార్కులు నమ్మొచ్చు. మాటల తర్కంలో తక్కువ వస్తే మాత్రం అది తెలివి లోపమని అనుకోకండి, ఇంగ్లిష్ అడ్డం పడి ఉండొచ్చు. ఈ ముక్క ఒక్కటే కావాలంటే డబ్బు కట్టక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ తయారు చేసిన ‘తమన్నా’ టెస్టు 9, 10 తరగతుల కోసమే, అందులో ఏడు విభాగాలున్నాయి. మీ బడి హెడ్‌మాస్టర్‌ని అడిగి చూడండి.

రిపోర్టులోని ఉద్యోగాల జాబితా అన్నిటికంటే బలహీనం. ఆకారాల విభాగంలో బాగా చేసిన అమ్మాయికి “ఆర్కిటెక్ట్” అని రాసి వదిలేశారు. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కడపలోనే ఉందని లేదు, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలని లేదు, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాయాలని లేదు. ఈ మూడు ముక్కలు తెలియక బైపీసీలో చేరితే ఆ దారి రెండేళ్ల ముందే మూసుకుపోతుంది. వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అనే మాటలు 22 పేజీల్లో ఎక్కడా కనపడవు. ఐటీఐలో వెల్డర్ ఒక్క ఏడాది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేసి ఏళ్లు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి టెన్త్‌తో పాటు ఐటీఐ చదివినా అప్లై చేయొచ్చు. మైదుకూరు, బద్వేలు వైపు నుంచి వచ్చే ఎన్నో ఇళ్లకి పనికొచ్చే సమాచారం ఇదే.

ఇక ముప్పావు గంట మాట. ఈ సెంటర్‌కి వెళ్లడానికి కారణం ఇదొక్కటే, ఇది నిజంగా బాగుంది. కౌన్సెలర్ రిపోర్టు మూసి పక్కన పెట్టి, తెల్లకాగితం మీద పిల్లాడి పేరు రాసి నాలుగు గీతలు గీస్తుంది. ఇంటర్, పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ. ఒక్కో గీత కింద ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, హాస్టలా ఇల్లా, మధ్యలో మారే వీలుందా అన్నవి నింపుతుంది. తండ్రి “మావాడు ఇంజనీరే కావాల” అంటే కాదనదు. అక్కడికి మూడు దారులున్నాయని చూపిస్తుంది. ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాయొచ్చు. మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. లేదా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆరేళ్లు, అంటే ఇంటర్‌తో సమానమైన పీయూసీ రెండు, బీటెక్ నాలుగు. చివరిదానికి ప్రవేశ పరీక్ష లేదు, టెన్త్ మార్కులే చూస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. అందుకే ఆ దారి కావాలనుకునే పిల్లకి టెన్త్‌లో ఒక్కో మార్కూ లెక్కే అని ఆమె గట్టిగా చెప్తుంది. ఆ మాట జనవరిలో వింటే ఉపయోగం, మే నెలలో వింటే చేసేదేమీ ఉండదు.

ఆమె వదిలేసేవి రెండున్నాయి. 2025-26 నుంచి ఇంటర్ బోర్డు లెక్కలు, బయాలజీ రెండూ కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. ఇంజనీరా, డాక్టరా తేల్చుకోలేని పిల్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి, చదువు బరువు పెరుగుతుందని కూడా చెప్పాలి. కాగితాలమీద ఆ గీత ఇంకా రాలేదు. రెండోది, బైపీసీ అనగానే నీట్ ఒక్కటే మాట్లాడడం. ఈఏపీసెట్‌తో వచ్చే అగ్రికల్చర్, ఫార్మసీ సీట్ల గురించి మీరే అడగండి.

తేదీల విషయంలో సెంటర్ ఇచ్చే ఒక పేజీ క్యాలెండర్ పనికొస్తుంది, ఫ్రిజ్ మీద అంటించుకోండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కి టెన్త్ ఫలితాలు రాకముందే అప్లై చేయొచ్చు. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అని ఆగిన వాళ్లకి గడువు దాటిపోతుంది. పరీక్ష 120 ప్రశ్నలకి 120 మార్కులు, రెండు గంటలు, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. తప్పు రాస్తే మార్కు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. క్యాలెండర్ వెనక సర్టిఫికెట్ల జాబితా ఉంటే ఇంకా బాగుండేది. 4వ తరగతి నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు సిద్ధం చేసుకోవాలి. బడి మధ్యలో మారిన పిల్లలకి పాత బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తేవడానికే రోజులు పడుతుంది.

వెళ్లదలిస్తే అక్టోబరు, నవంబరుల్లో వెళ్లండి. మే నెలలో రద్దీ వల్ల ముప్పావు గంట ఇరవై నిమిషాలైపోతుంది. అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్లాలి, చదువుకి ఏడాదికి ఎంత పెట్టగలరో ముందే మాట్లాడుకుని వెళ్లాలి. 9వ తరగతి మార్కుల జాబితా, టెన్త్‌లో అప్పటిదాకా బడిలో రాసిన పరీక్షల మార్కులు తీసుకెళ్లండి, కౌన్సెలర్ టెస్టు కంటే వాటినే ఎక్కువ చూస్తుంది. రిపోర్టు, టెస్టు వద్దు, మాట ఒక్కటే చాలంటే 1,200 రూపాయలకి ఇస్తారు. ఈ సంగతి బోర్డు మీద లేదు, కౌంటర్లో అడగాలి. ఎక్కువ మంది ఇళ్లకి అదే సరిపోతుంది.