జాగ్రత్త: "రైల్వే ఆఫీసరు గారు చేసిన బెజవాడ మీటర్ గేజ్" పేరుతో అమ్ముతున్న పాత మోడల్ రైల్వే లేఅవుట్

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ మోడల్ రైల్వే లేఅవుట్ (చెక్క బోర్డు మీద పట్టాలు, స్టేషన్లు, కొండలు పెట్టి చిన్న రైళ్ళు నడిపే నమూనా) కోసం చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. ఎనిమిదడుగులు నాలుగడుగుల ప్లైవుడ్ మీద కట్టిన ఒక లేఅవుట్‌ని గుంటూరులో ఒకరికి అంటగట్టారు. "రిటైరైన రైల్వే ఆఫీసరు గారు 1962లో సొంత చేతులతో చేసుకున్నారు, బెజవాడ–గుంటూరు మీటర్ గేజ్ లైనుకి అచ్చం నమూనా, మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు" అని చెప్పి, సామానుకి కాకుండా ఆ కథకి రేటు కట్టి డబ్బు తీసుకున్నారు. బోర్డు తిరగేసి ఒక్కో భాగం చూస్తే చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిలబడలేదు. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే కథ రేపు ఊరు మార్చుకుని, ఆఫీసరు హోదా మార్చుకుని ఇంకో రూపంలో రావచ్చు. పేరు కన్నా కథని పట్టుకోవడం నేర్చుకుంటే మేలు.

ముందు గేజ్ సంగతి. ఈ లేఅవుట్‌లో పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 16.5 మి.మీ. హెచ్ఓ స్కేలంటే అసలులో 87వ వంతు. 16.5ని 87తో గుణిస్తే 1435 మి.మీ. వస్తుంది, అది యూరప్, అమెరికాల్లో నడిచే స్టాండర్డ్ గేజ్. మీటర్ గేజ్ 1000 మి.మీ. కదా, హెచ్ఓలో అది పదకొండున్నరకి వస్తుంది, అందుకే ఆ స్కేల్లో మీటర్ గేజ్ చేసేవాళ్ళు 12 మి.మీ. ట్రాక్ వేస్తారు. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.కి లెక్కప్రకారం 19.3 కావాలి. ఆ వెడల్పు ట్రాక్ రెడీమేడ్‌గా దొరకదు కాబట్టి 16.5తో సరిపెట్టుకోవడం మన దగ్గర అందరూ చేసేదే, అందులో తప్పేమీ లేదు. కానీ 16.5 పట్టాలు చూపించి "అచ్చం మీటర్ గేజ్" అంటే అది అబద్ధమే. స్కేలు ఏదో తేలకపోతే ప్లాట్‌ఫాం మీది మనిషి బొమ్మని కొలవండి. హెచ్ఓ అయితే 19, 20 మి.మీ. ఉంటుంది, ఓఓ (అసలులో 76వ వంతు) అయితే 22 దాటుతుంది. ఈ లేఅవుట్ మీద రెండు రకాలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఎక్కడెక్కడివో సెట్లు కలిపి కట్టారనడానికి అదే గుర్తు.

తర్వాత ఇంజను. దాన్ని "వైపీ క్లాసు" అని చెప్పి అమ్మారు. వైపీ అంటే మీటర్ గేజ్ ప్యాసింజరు స్టీమ్ ఇంజను, చక్రాల అమరిక 4-6-2: పక్కనుంచి చూస్తే ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ మూడు పెద్దవి, వెనక ఒక చిన్నది, ఆ వెనక విడిగా టెండరు, అంటే బొగ్గు, నీళ్ళు మోసే పెట్టె. ఇక్కడున్నదానికి పక్కకి మూడే చక్రాలు, టెండరు లేదు. అది ట్రయాంగ్ అనే బొమ్మ రైళ్ళ కంపెనీ చేసిన ఇంగ్లండు జింటీ ఇంజను, యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటింగ్ రకం. పైన నల్ల రంగు పూసి, పక్కన బ్రష్షుతో నంబరు రాశారు. బోర్లించి రంగు మీద వేలు పెడితే కంపెనీ అచ్చు అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతున్నాయి. చక్రాలు లెక్కపెట్టడానికి పరికరం ఏమీ అక్కర్లేదు, ఫొటో చాలు.

కాలం లెక్కలోనూ పొంతన లేదు. స్టేషన్ బిల్డింగ్ మీద "దక్షిణ మధ్య రైల్వే" అని ఉంది. ఆ జోను ఏర్పడింది 1966 అక్టోబరు 2న, అంతకు ముందు ఈ లైన్లు దక్షిణ రైల్వేలో ఉండేవి. యార్డులో కరెంటు స్తంభాలు పాతారు. విజయవాడ–మద్రాసు మార్గం పూర్తిగా విద్యుదీకరణ అయ్యింది 1980 నాటికి. ఇవి చూపిస్తే "తర్వాత రిపేర్లలో చేర్చారు" అని జవాబు వస్తుంది. స్టేషను పేరు, స్తంభాల విషయంలో ఆ మాట కుదరొచ్చు. అందుకే పైపై వస్తువులు వదిలేసి, కొండల అడుగు పొర చూడండి. ఇక్కడ సొరంగం మూల పగిలిన చోట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కింద తెలుగు దినపత్రిక ముక్కలు బయటపడ్డాయి. అందులో ఒక ప్రకటనలో పది అంకెల సెల్ నంబరు అచ్చయి ఉంది. కొండ ఆకారానికి వేసిన వలకి అంటించిన మొట్టమొదటి పొర అది, దాన్ని తర్వాత చేర్చడం కుదరదు. సెల్ ఫోన్లు వచ్చాక కట్టిన కొండ 1962 నాటిది ఎలా అవుతుంది?

కథ అబద్ధమైతే పోయేది పరువేగా, సామాను బాగుంటే చాలు అనుకోకండి. ఇలాంటి కథలు చెప్పేది బోర్డు కిందకి మన చూపు వెళ్ళకుండా ఉండటానికే. ఈ లేఅవుట్‌లో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

బోర్డు అడుగున ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి వాడే 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల కరెంటుని తగ్గించే పవర్ సప్లై) ఒకటి చెక్కకి స్క్రూ కొట్టి ఉంది. దాని 230 వోల్టుల స్క్రూ టెర్మినళ్ళు మూత లేకుండా బయటికే ఉన్నాయి, ఎర్త్ వైరు లేదు. పట్టాలు తప్పిన పెట్టెని సర్దడానికి పిల్లవాడు బోర్డు కింద చెయ్యి పెడితే నేరుగా మెయిన్స్ తగులుతుంది. పైగా 5 ఆంపియర్లు పట్టాలకి సూటిగా వెళ్తున్నాయి, మధ్యలో ఫ్యూజు లేదు. ఈ సైజు ఇంజను మామూలుగా అర ఆంపియరు చుట్టూ తీసుకుంటుంది. పెట్టె అడ్డం పడి షార్టయితే చిన్న కంట్రోలరు (బండి వేగం తిప్పే పెట్టె) ఆగిపోతుంది, ఇది వెంటనే ఆగకపోవచ్చు. సన్న తీగలు వేడెక్కేలా కరెంటు తోస్తూ ఉండొచ్చు. వాడిన తీగ చూస్తే నెట్ కేబుల్ లోపలి సన్న తీగ, 0.2 చదరపు మి.మీ. మందం. తీగల అతుకులు మెలిపెట్టి సెల్లోటేప్ చుట్టారు. మన ఎండకి ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది.

అలాంటిది కొని ఉంటే ఆ తీగల్ని బాగుచేద్దామని కూర్చోకండి, మొత్తం పీకెయ్యండి. బోర్డు పొడవునా 1.5 చదరపు మి.మీ. ఇంటి వైరు రెండు రంగుల్లో మెయిన్ లైనుగా లాగండి. దాన్నుంచి మీటరుకి ఒక జత చొప్పున 0.5 చదరపు మి.మీ. తీగలు పట్టాలకి టంకం పెట్టండి. పట్టాలు కలిపే జాయినర్లని కరెంటు కోసం నమ్ముకోవద్దు, అవి తుప్పు పట్టి వదులవుతాయి. బోర్డు కిందకి 12 వోల్టులే రావాలి. 230 వోల్టుల భాగమంతా గోడ ప్లగ్గు దగ్గర మూసిన డబ్బాలో ఉండాలి. పట్టాలకి వెళ్ళే తీగలో 1 ఆంపియరు ఫ్యూజు పెట్టండి. పాత విదేశీ కంట్రోలరు వస్తే దాని మీది వోల్టేజీ చదవకుండా ప్లగ్గు పెట్టకండి. అమెరికావి 120 వోల్టులవి, మన 230కి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

అమ్మేవాళ్ళ ఇంట్లోనే వైరింగ్ పరీక్షించడానికి ఒక చవక పద్ధతి ఉంది. ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్ట్స్ షాపులో అడిగినా బైక్ ఇండికేటర్ బల్బు దొరుకుతుంది, 12 వోల్టులు 10 వాట్లు. దానికి రెండు తీగలు కట్టి తీసుకెళ్ళండి. ఇంజను తీసేసి, కంట్రోలరు పూర్తిగా తిప్పి, ముందు కంట్రోలరుకి దగ్గరగా ఉన్న పట్టాల మీద, తర్వాత అన్నిటికన్నా దూరం మూలలో బల్బు ఆనించండి. బల్బు సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఇంజను పడే కష్టం పట్టాల మీద కనబడుతుంది. రెండు చోట్లా మల్టీమీటరుతో చూడండి. ఒక వోల్టు కన్నా ఎక్కువ తేడా వస్తే తీగలు, జాయినర్లు పోయినట్టే. బల్బు లేకుండా మీటరు ఒక్కటే పెడితే అంతటా 12 వోల్టులే చూపించి మోసం చేస్తుంది.

పట్టాల లోహం చూడటానికి అయస్కాంతం చాలు. అంటుకుంటే అది స్టీలు, కృష్ణా డెల్టా తేమలో ఒక్క వానాకాలానికే తుప్పు తేలుతుంది, దానికి రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. అంటుకోకపోతే ఇత్తడిగానీ నికెల్ సిల్వర్‌గానీ అయి ఉంటుంది. పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా ఉంటే నికెల్ సిల్వర్. కావలసింది ఆ తెల్లదే. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం అది. "వెండి పట్టాలు" అని ఎవరైనా రేటు పెంచితే అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి.

పట్టాల అతుకుల మధ్య సందు కూడా చూడండి. జనవరిలో సందు లేకుండా బిగించిన ట్రాకు మే నెల ఎండకి వంకరపోతుంది. పాతిక డిగ్రీల తేడాకి మీటరు పట్టా సుమారు 0.4 మి.మీ. సాగుతుంది. చలికాలంలో వేసేటప్పుడు ప్రతి మీటరుకి అర మి.మీ. సందు వదిలితే సరిపోతుంది.

వంపుల విషయం త్వరగా చెప్పేస్తాం. ఈ లేఅవుట్‌లో వంపులు 371 మి.మీ. వ్యాసార్థం, హార్న్‌బీ లెక్కలో మొదటి రేడియస్. ఐసీఎఫ్ పెట్టె (మన పాత తరహా ప్యాసింజరు కోచ్) 21.3 మీటర్లు, హెచ్ఓలో 245 మి.మీ. అంత పొడుగు పెట్టె ఆ వంపులో నడుము లోపలికి, చివరలు బయటికి తోసుకొచ్చి పక్క లైను పెట్టెని గీస్తుంది. కొత్త తరహా ఎల్‌హెచ్‌బీ కోచ్ 270 మి.మీ., దాని సంగతి చెప్పక్కర్లేదు. "కోరమండల్ కూడా పరిగెడుతుంది" అన్న మాట నమ్మి కోచ్‌లు విడిగా కొనుక్కోకండి. వంతెన ఎక్కే లైను ఉంటే పొడవుని ఎత్తుతో భాగించండి. కింద బండి దూరాలంటే 70 మి.మీ. ఎత్తు కావాలి, 40కి 1 వాలుతో ఆ ఎత్తుకి చేరడానికి 2.8 మీటర్లు పడుతుంది, ఎనిమిదడుగుల బోర్డు పొడవే 2.44 మీటర్లు. ఇక్కడ 25కి 1 దాకా ఏటవాలు ఉంది, ఇంజను ఒంటరిగా ఎక్కుతుంది, మూడు పెట్టెలు తగిలిస్తే చక్రాలు జారిపోతున్నాయి.

చెక్క: స్క్రూడ్రైవరు మొనతో ఫ్రేము మూలల్లో గుచ్చి చూడండి. మొన మెత్తగా దిగినా, మట్టి రంగు గీతలు కనబడినా చెదలున్నాయి, ఆ బోర్డుని ఇంట్లోకి తేవద్దు. మిగతా ఫర్నిచరుకి కూడా ఎక్కుతాయి. ప్లైవుడ్ కాకుండా రంపప్పొట్టు బోర్డు అయితే అంచులు ఉబ్బి ఉంటాయి, దానిపైన పట్టాలు ఎప్పటికీ సమంగా కూర్చోవు.

ఇప్పటికే కొనేసి ఉంటే అంతా పోయినట్టు కాదు. బ్యాలస్టు కంకరని మామూలు ఫెవికాల్‌తో అంటించి ఉంటే గోరువెచ్చని నీళ్ళు పోసి గంట నాననిచ్చి, పలచటి అట్లకాడతో అడుగునుంచి లేపితే ట్రాకు విరక్కుండా వస్తుంది. వాటర్‌ప్రూఫ్ జిగురైతే రాదు, అప్పుడు ట్రాకు విలువ సున్నా అనుకునే బేరం చెయ్యండి. పాత ఇంజను చాసిస్ మీద సన్నని పగుళ్ళు, బుడిపెలు ఉంటే జింకు మిశ్రమంలో సీసం కలిసిన లోపం అది. దానికి వైద్యం లేదు, ఇంజను మొత్తంగా పొడైపోతుంది.

చరిత్ర కల్పించడాన్ని మేము తప్పు పట్టడం లేదు. లేని లైనుకి చరిత్ర రాసుకుని కట్టడం ఈ హాబీలో ఎంతో ముచ్చటైన భాగం. కల్పన అని చెప్పి చెయ్యాలి, ఉన్న పట్టాలకి అది సరిపోవాలి. ఈ లేఅవుట్‌నే తీసుకోండి. మీటర్ గేజ్ మాట పక్కన పెట్టి, గుంటూరు నుంచి లాం, తాడికొండ మీదుగా అమరావతికి ఒక బ్రాడ్ గేజ్ శాఖ వేశారని ఊహించుకోవచ్చు. 1916లో వచ్చిన గుంటూరు–రేపల్లె లైను బ్రాడ్ గేజే కాబట్టి దాని పక్కన ఇదీ నమ్మేలా ఉంటుంది. కాలం 1950ల చివర పెట్టుకోండి, అప్పుడు స్టేషన్ మీద "దక్షిణ రైల్వే" అని మార్చి, కరెంటు స్తంభాలు తీసెయ్యాలి. చిన్న శాఖ లైనుకి టెండరు లేని ఇలాంటి ఆరు చక్రాల ట్యాంకు ఇంజను అతికినట్టు సరిపోతుంది. 21 మీటర్ల కోచ్‌ల బదులు నాలుగు చక్రాల గూడ్సు డబ్బాలు వాడితే 371 వంపులో ఇబ్బంది ఉండదు. మిర్చి బస్తాలు, పత్తి బేళ్ళు, పొగాకు, అమరేశ్వరుడి దర్శనానికి వెళ్ళే యాత్రికులు, సరుక్కీ జనానికీ కొదవ లేదు. తాడికొండలో క్రాసింగ్ లూపు (బళ్ళు ఒకదాన్నొకటి దాటే పక్క లైను) 70 సెంటీమీటర్లు ఉంటే ఇంజను, అయిదు డబ్బాలు నిలబడతాయి. ఏటవాలు వంతెన తీసెయ్యండి, అది ఈ లైనుకి అక్కర్లేదు.

మళ్ళీ అమ్మే రోజు వస్తే ఈ కథ కల్పితమని కాగితం మీద రాసి బోర్డు అడుగున అంటించండి. తర్వాత కొనేవాళ్ళు అసలు అనుకుని ఎక్కువ పెట్టకుండా ఉంటారు.

కొనే ముందు వీడియో అడిగితే, వెనక పాట పెట్టని వీడియో అడగండి, మోటారు చప్పుడు వినబడాలి. ఇంజను నెమ్మదిగా పూర్తి చుట్టు తిరగడం, మధ్యలో కట్ లేకుండా, ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీయమనండి. చూడకుండా ఫోన్‌పేలో అడ్వాన్సు వెయ్యొద్దు. వేసి మోసపోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. రసీదులో "పాత రైల్వే లేఅవుట్ ఒకటి" అని రాయించుకోవద్దు. ఇంజన్లు ఎన్ని, ఏ కంపెనీవి, నడిచేవా కావా, ట్రాకు ఏ లోహం, ఎన్ని మీటర్లు, పాయింట్లు (బండి దారి మార్చే పట్టాలు) ఎన్ని, కంట్రోలరు వోల్టేజీ ఎంత అని విడివిడిగా రాయించండి. పాత కాలం కథ చెప్పి ధర పెంచితే ఆ కథని కూడా సంతకంతో రాసిమ్మనండి. రాయడానికి వెనకాడితే మీరు ఇవ్వాల్సింది చెక్క, పట్టాలు, మోటార్ల ధర మాత్రమే. ఎనిమిదడుగుల బోర్డు మీ మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో టేపుతో కొలిచాకే ట్రాలీ మాట్లాడండి. తిరగకపోతే అమ్మినవాళ్ళ ఇంటి దగ్గరే మధ్యకి కోయాలి. కోసే చోట పట్టాలకి రెండు వైపులా ఇత్తడి స్క్రూలు దింపి, పట్టాల అడుగుని వాటికి టంకం పెట్టాకే రంపం వెయ్యండి, లేకపోతే చివరలు లేచిపోయి మళ్ళీ కలవవు.