తర్కసంగ్రహం: దీపిక లేని ప్రతి కొనకండి

అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. ‘కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరు’ అని సంస్కృతంలో సామెత పుట్టేంత పేరున్న పండితుడు. పిల్లలకు సులువుగా బోధపడాలని రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పి మొదలుపెట్టిన తర్కసంగ్రహం ఇవాళ్టికీ న్యాయశాస్త్రంలో (చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) మొదటి పాఠ్యపుస్తకం. ప్రపంచం దేనితో తయారైంది, మనిషి బుద్ధి ఎలా పనిచేస్తుంది, దేవుడికి అన్నీ తెలుసనడానికి ఆధారం ఏమిటి అనే మూడు ప్రశ్నలనూ ఇంత చిన్న పుస్తకంలో ఇంత క్రమంగా కలిపిన రచన మరొకటి దొరకడం కష్టం.

ప్రతులు మూడు రకాలుగా దొరుకుతాయి. మూలం మాత్రమే ఉన్నది ఒకటి, మూలానికి తెలుగు తాత్పర్యం చేర్చినది మరొకటి. మూడోది అన్నంభట్టు తానే రాసుకున్న దీపిక వ్యాఖ్యతో, ఒక్కోసారి న్యాయబోధిని, పదకృత్యం అనే ఇతరుల వ్యాఖ్యలు కూడా కలిపి వేసినది. పలచగా ఉంది, ధర తక్కువ అని మొదటి రకం కొంటే అసలు సరుకు చేతికి రాదు. మూలంలో ఉన్నవి పట్టికలు, నిర్వచనాలు. గంటలోపే చదివేయొచ్చు. ఏడు పదార్థాలు (సమస్తాన్నీ విడదీసిన వర్గాలు), తొమ్మిది ద్రవ్యాలు, ఇరవై నాలుగు గుణాలు, ఐదు కర్మలు, నాలుగు అభావాలు. ఇవి ఎందుకు ఇన్నే, నిర్వచనం ఎక్కడ తప్పుతుంది అని ప్రశ్నించేది దీపిక.

నిర్వచనాన్ని పరీక్షించే పద్ధతి కూడా దీపికలోనే ఉంది. ఆవు అంటే కపిలవర్ణం గలది అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా వచ్చేస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది అంటే ఒక్క ఆవుకూ వర్తించదు, అది అసంభవం. ఈ మూడింటినీ మొదటి రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, పుస్తకంలో వచ్చే ప్రతి లక్షణాన్నీ (నిర్వచనాన్నీ) వాటితో గీటు పెట్టి చూడాలి. ఈ పని చేయనివాళ్ళకే ఇది బట్టీ పుస్తకంలా కనిపిస్తుంది.

తెలుగు పాఠకుడికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మాటలన్నీ తెలిసినవే, అర్థాలే వేరు. మన వాడుకలో అనుమానం అంటే సందేహం, ఇక్కడ నిశ్చయానికి చేర్చే సాధనం. ఉపాధి అనగానే మనకు ఉద్యోగం గుర్తొస్తుంది, ఇక్కడ అది హేతువును చెడగొట్టే షరతు. సామాన్యం అంటే మామూలు అని కాదు, అన్ని కుండల్లోనూ ఒకటిగా ఉండే కుండతనం. పక్షం అంటే పార్టీ కాదు, దేని గురించి రుజువు చేస్తున్నామో ఆ చోటు. తాత్పర్యం రాసినవారు ఈ మాటలను అలాగే వదిలేశారా, విప్పి చెప్పారా అన్నది కొనేముందు రెండు పేజీలు తిప్పితే తెలిసిపోతుంది.

ఇంకో పరీక్ష అచ్చుతప్పులది. సత్ప్రతిపక్షం అనే దోషానికి ఉదాహరణ తీసి చూడండి. ‘శబ్దో నిత్యః’ (శబ్దం నిత్యం) అని ఒక వాదం, ‘శబ్దోఽనిత్యః’ (శబ్దం అనిత్యం) అని దానికి ఎదురు వాదం. మధ్యలో ఉన్న ఆ చిన్న అవగ్రహం (ఽ) ఎగిరిపోతే రెండు వాదాలూ ఒకటే అయిపోతాయి, ఆ పేరా మొత్తానికి అర్థం ఉండదు. తెలుగు లిపిలో వేసిన సంస్కృత పుస్తకాల్లో తరచు మాయమయ్యే గుర్తు ఇదే. అక్కడ అది సరిగ్గా ఉంటే ప్రూఫులు చూసినవారు విషయం తెలిసినవారని నమ్మొచ్చు.

పుస్తకానికి గుండెకాయ అనుమాన ఖండం. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని మనం రోజూ అనే మాటే ఇక్కడ వ్యాప్తి, అంటే రెంటి మధ్య తప్పని సంబంధం. కొండ మీద నిప్పుంది (ప్రతిజ్ఞ), పొగ ఉంది కనుక (హేతువు), పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగ (ఉదాహరణ), ఈ కొండా అలాంటిదే (ఉపనయం), కాబట్టి నిప్పుంది (నిగమనం). ఐదు మెట్లూ ఎదుటివాణ్ణి ఒప్పించడానికి. తనకు తాను తెలుసుకునేవాడికి ఇన్ని అక్కర్లేదు, ‘నిప్పును వదిలి ఉండని పొగ ఈ కొండ మీద ఉంది’ అనే ఒక్క జ్ఞానం చాలు, దాన్నే ఇక్కడ పరామర్శ అంటారు.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది తిరగేసినప్పుడు. నిప్పుంది కాబట్టి పొగ ఉంది అంటే ఎందుకు తప్పు? ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ పచ్చికట్టె సంబంధమే ఉపాధి: పొగ ఉన్నచోటల్లా ఉంటుంది, నిప్పు ఉన్నచోటల్లా ఉండదు. సాధ్యాన్ని (రుజువు చేయదలచినదాన్ని) వ్యాపించి హేతువును వ్యాపించనిది ఏదైనా దొరికితే ఆ హేతువు చెడినట్టే. ఈ ఒక్క వాక్యం ఒంటబడితే పుస్తకానికి పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. దూరంగా ఆవిరిని చూసి పొగ అనుకుంటే అది వేరే దోషం, స్వరూపాసిద్ధి: హేతువే అక్కడ లేదు. ఐదు హేత్వాభాసాలను (చెడిన హేతువులను) పేర్లతో కాక ఇలా ఒక్కో ఉదాహరణతో గుర్తుపెట్టుకుంటేనే నిలుస్తాయి.

ఇప్పుడు దేవుడి దగ్గరికి వద్దాం. మూలంలో ఉన్నది ఒక్క ముక్క: పరమాత్మ ఈశ్వరుడు, సర్వజ్ఞుడు, ఒక్కడే. దీపిక అక్కడ ఆగి, ఈశ్వరుడున్నాడనడానికి ప్రమాణం ఏమిటని నిలదీస్తుంది. రూపం లేదు కనుక బయటి ఇంద్రియాలకు అందడు. మనసు తన ఆత్మనూ సుఖదుఃఖాలనూ తప్ప పట్టుకోలేదు. ప్రత్యక్షం పోయింది. మిగిలింది అనుమానం: మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు (పుట్టినవి) కనుక, కుండలాగ. కర్త అంటే ఎవరు? ముడిసరుకును నేరుగా ఎరిగి, చేయాలని కోరి, ప్రయత్నించేవాడు. కుమ్మరికి మట్టి తెలియాలి. లోకానికి ముడిసరుకు పరమాణువులు, కనుక వాటన్నిటినీ నేరుగా ఎరిగినవాడు కావాలి. సర్వజ్ఞత్వం వచ్చింది స్తోత్రంలోంచి కాదు, ‘కర్త’ నిర్వచనంలోంచి. భౌతికలోకం, తర్కం, దైవజ్ఞానం మూడూ ముడిపడేది ఈ అర పేజీలోనే. దీపిక లేని ప్రతిలో ఆ అర పేజీ ఉండదు.

పచ్చికట్టె పరీక్షను ఇక్కడ కూడా పెట్టి చూడాలి. కుండ చేసినవాడికి శరీరం ఉంది. కర్త చేసినవన్నీ శరీరం ఉన్నవాడు చేసినవే కదా, మొలక అలాంటిది కాదు కదా, మరి ‘శరీరం వల్ల పుట్టడం’ ఉపాధి కాదా? మొలకకు కర్త లేడు, శరీరం వల్ల పుట్టలేదు కనుక అని ఎదురు అనుమానమూ వేయొచ్చు. ‘పుట్టలేదు’ అంటే చాలే, ‘శరీరం వల్ల’ అనే విశేషణం వ్యర్థం అని నైయాయికులు (న్యాయశాస్త్ర పండితులు) దానికి బదులిస్తారు. మీమాంసకులకూ బౌద్ధులకూ ఇది చాలలేదు. రామానుజులు ఈశ్వరుణ్ణి నమ్ముతూనే అనుమానంతో సిద్ధించడనీ, శాస్త్రమే (వేదమే) దిక్కనీ అన్నారు. ఎటు తేలినా, కొండ మీది పొగకు వాడిన తూనికరాళ్ళతోనే దేవుణ్ణీ తూచే నిజాయితీ ఈ పుస్తకానికుంది.

లోపాలు చెప్పాలి. భౌతికశాస్త్రంగా దీన్ని చదవకూడదు. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసును త్ర్యణుకం అంటారు: రెండు పరమాణువులు ఒక ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు ఒక త్ర్యణుకం, అంటే ఆరు పరమాణువులు. ఇవాళ మనకు తెలిసిన లెక్కలో ఆ నలుసులో లక్షల కోట్ల అణువులుంటాయి. బంగారాన్ని తేజస్సులో (నిప్పు అనే ద్రవ్యంలో) చేర్చారు. అయితే ముక్కలు చేస్తూ పోతే ఎక్కడో ఆగక తప్పదనే వాదం మాత్రం శ్రద్ధగా చదవదగ్గది.

రెండో లోపం ఇంకా లోతైనది. ఇంద్రియం విషయంతో కలిస్తే పుట్టే జ్ఞానం ప్రత్యక్షం అని మూలం చెబుతుంది. ఈశ్వరుడి జ్ఞానం నిత్యమని అదే పుస్తకం అంటుంది. నిత్యమైనది పుట్టదు, ఆయనకు ఇంద్రియాలూ లేవు. ఆ లక్షణం ఆయన ప్రత్యక్షానికి వర్తించదు, అచ్చంగా అవ్యాప్తి. మరో జ్ఞానం కరణంగా (సాధనంగా) లేని జ్ఞానమే ప్రత్యక్షం అని విశ్వనాథుడనే నైయాయికుడి సిద్ధాంతముక్తావళి దీన్ని సరిచేస్తుంది. తర్కసంగ్రహం తర్వాత చదవాల్సింది కూడా అదే.

చదవడానికి రోజుకు అరగంట, రెండు మూడు లక్షణాలకు మించకుండా పెట్టుకోండి. ముందు పట్టికలు కంఠస్థం చేసి, తర్వాత దీపికతో కలిపి వెనక్కి రండి. సంస్కృతం బొత్తిగా రానివారు ప్రతిపదార్థం ఉన్న ప్రతినే ఎంచుకోవాలి, వట్టి తాత్పర్యంతో సమాసాలు విడవవు. ఇంగ్లీషు వివరణ పనికొచ్చేవారికి 1897లో బొంబాయి సంస్కృత సిరీస్‌లో వచ్చిన అథల్యే ప్రతి ఉంది. అందులో మూలం, దీపిక, న్యాయబోధిని మూడూ ఉన్నాయి.