జాగ్రత్త: పోస్టర్ మీద ఉన్న డ్యామ్ సినిమాలో లేదు

సినిమాలను అద్దెకూ, సొంతానికీ ఇచ్చే యాప్‌లలో ఈ మధ్య ఒక డ్యామ్ సినిమా పదే పదే కంటపడుతోంది. పోస్టర్ మీద ఆకాశమంత ఎత్తున కాంక్రీట్ ఆనకట్ట నడిమికి పగిలి ఉంటుంది. కింద అద్దాల మేడలతో ఒక మహానగరం, పైన రెండు హెలికాప్టర్లు. మూలన ఎర్రగా ‘తెలుగులో’ అని ఒక ముద్ర. శనివారం రాత్రి పిల్లలతో కూర్చుని చూడ్డానికి బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి కొనకండి. కొనాల్సిందే అనుకుంటే ముందు ఇది చదవండి.

అద్దెకైతే 119, సొంతానికైతే 399 అని ధర పెట్టారు. మా ఇంట్లో ఇలాంటివి మళ్లీ మళ్లీ చూస్తారు కాబట్టి 399 పెట్టి తీసుకున్నాను. వచ్చింది మాత్రం అమెరికాలో కేబుల్ టీవీ కోసం తక్కువ ఖర్చుతో తీసిన టెలీఫిల్మ్. థియేటర్‌లో ఎప్పుడూ ఆడింది కాదు. యాప్‌లో సంవత్సరం 2023 అని చూపిస్తోంది. అది సినిమా తీసిన ఏడాది కాదు, యాప్‌లోకి ఎక్కించిన ఏడాది. చివర్లో పేర్లు పడేటప్పుడు కాపీరైట్ సంవత్సరం రోమన్ అంకెల్లో వస్తుంది. లెక్క కట్టి చూస్తే 2000ల మొదట్లోది. హీరో చేతిలోని మడత ఫోను, ఆఫీసులో లావుపాటి కంప్యూటర్ తెరలు చూసినప్పుడే అనుమానం వస్తుంది, కానీ అప్పటికే డబ్బులు కట్టేసి ఉంటాం.

సినిమా పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, ఇదే సరుకు వేరే పేరుతో, వేరే పోస్టర్‌తో అదే యాప్‌లో ఇంకోచోట ఉంది. అందుకే పేరును కాకుండా గుర్తులను పట్టుకోండి.

మొదట నిడివి చూడండి. అమెరికా టీవీలో రెండు గంటల స్లాట్ అంటే అందులో అరగంటకు పైగా ప్రకటనలకే పోతుంది. అందుకే ఈ టెలీఫిల్ములు చాలావరకు 85 నుంచి 90 నిమిషాల మధ్య ఉంటాయి. నేను కొన్నది కూడా అంతే. నిడివి ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం, గంటన్నరలో ముగిసే మంచి సినిమాలూ ఉన్నాయి. కానీ పోస్టర్ మీద మహానగరం మునిగిపోతూ, నిడివి 87 నిమిషాలు ఉండి, నటుల పేర్లు ఎక్కడా కనిపించకపోతే ఒక్క నిమిషం ఆగండి. తర్వాత ట్రైలర్‌లో బొమ్మ ఆకారం చూడండి. అప్పటి టీవీ తెర దాదాపు చదరంగా ఉండేది. ఆ బొమ్మను ఇప్పటి వెడల్పు తెరకు సాగదీసి అమ్ముతున్నారు. మనుషుల ముఖాలు గవదబిళ్లలు వచ్చినట్టు ఉబ్బి కనిపిస్తాయి. మా అబ్బాయి టీవీ సెట్టింగ్‌లన్నీ మార్చి చూశాడు. ఫైల్‌లోనే సాగదీసి ఉంటే టీవీ ఏం చేస్తుంది?

ఇంకో గుర్తు సినిమా మొదలయ్యాక గానీ తెలియదు. పది పన్నెండు నిమిషాలకోసారి సంగీతం ఒక్కసారిగా పెరిగి, ఎవరో ఒకరు భయంగా అటు చూసి, తెర నల్లబడుతుంది. అక్కడ ప్రకటనలు రావాలి. మనకు రావు కాబట్టి ఒక క్షణం నలుపు, వెంటనే అదే మనిషి అదే భయంతో మళ్లీ కనిపిస్తాడు. నాలుగోసారి తెర నల్లబడేసరికి మా ఆవిడ కరెంటు పోయిందేమోనని వంటింట్లోంచి అరిచింది.

అసలు డ్యామ్ సంగతికి వద్దాం, నాకు కోపం తెప్పించింది అదే. కథ ప్రకారం అది ఒక చిన్న ఊరి పైన ఉన్న మట్టికట్ట. మాటల్లో మట్టికట్ట అంటారు. దూరం నుంచి చూపించేటప్పుడు మాత్రం వంపు తిరిగిన కాంక్రీట్ ఆర్చ్ డ్యామ్ కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అది ఏదో చెరువు గట్టు. ఒక షాట్‌లో వెనక మంచుకొండలు, తర్వాతి షాట్‌లో ఎండిన గుట్టలు. ఇంకెక్కడో, వేరే దేని కోసమో తీసిన దృశ్యాలను కొని అతికిస్తే ఇలాగే ఉంటుంది. తక్కువ బడ్జెట్ టెలీఫిల్ములకు అది మామూలే, దాన్నీ క్షమించవచ్చు. డ్యామ్ నిజంగా తెగేది ఆఖరి ఇరవై నిమిషాల్లో. అందులోనూ నీళ్లు కనిపించేది ఐదారు నిమిషాలే, మళ్లీ అవే షాట్లు అటూ ఇటూ తిప్పి చూపించారు. పోస్టర్ మీది మహానగరం జాడే లేదు. మునిగేది ఒక పెట్రోల్ బంకు, ఒక బడి, రెండు వీధులు.

మిగతా గంటంతా ఏమిటంటారా? హీరో ఇంజనీరు. కట్ట తెగుతుందని అతనొక్కడే చెబుతాడు. ఊరి మేయరు వినడు, ఎందుకంటే ఊళ్లో ఉత్సవం ఉంది. హీరోకి విడాకులు ఇచ్చిన భార్య, ఆమె దగ్గర ఉండే కూతురు, ఆ కూతురు సరిగ్గా కట్ట కింద క్యాంపింగ్‌కి వెళ్లడం. ఇదంతా ఇలాంటి టెలీఫిల్ములన్నిటిలోనూ ఉండేదే. ఆఖరికి డైనమైట్ పెట్టి వరదను పక్కకు మళ్లిస్తాడు.

యాప్‌లో వివరణ కింద ‘నిజ సంఘటన ఆధారంగా’ అని రాశారు. ఏ సంఘటన? ఎక్కడా చెప్పలేదు. అమెరికాలో మట్టికట్ట తెగిన కథ కావాలంటే 1976 జూన్ 5న ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యామ్ ఉంది. 305 అడుగుల ఎత్తున్న మట్టికట్ట, మొట్టమొదటిసారి నీళ్లు నింపుతున్నారు. ఆ రోజు పొద్దున కట్టకు ఊట కనిపించింది. బుంగ పెద్దదవుతుంటే పూడ్చడానికి బుల్‌డోజర్లను దించారు. అవి అందులోకే జారిపోయాయి, నడిపేవాళ్లు ఎలాగో బయటపడ్డారు. మధ్యాహ్నం పన్నెండు కావడానికి మూడు నిమిషాల ముందు కట్ట తెగింది. పదకొండు మంది చనిపోయారు, వేల పశువులు కొట్టుకుపోయాయి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ కొన్ని గంటలే ఎవరైనా గోళ్లు కొరుక్కుంటూ చూసే సినిమా. ఊట నీళ్లు తేటగా వస్తే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు, బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కోసుకుపోతోందని అర్థం. నీటి రంగు మారడం ఒక్కటి చూపిస్తే చాలు, చూసేవాళ్లకు టెన్షన్ ఎక్కడ పుడుతుందో అక్కడే పుడుతుంది. దానికి గ్రాఫిక్స్ ఖర్చు కూడా లేదు. ఈ సినిమాలో హీరో ఒక తెర వైపు చూసి ‘ప్రెషర్ 90 శాతం’ అంటాడు, తర్వాత ‘95 శాతం’ అంటాడు. అంతే.

మాది కర్నూలు. 2009 అక్టోబర్ మొదట్లో ఊరు మునిగిన సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 885 అడుగులు నిండు మట్టమైతే నీళ్లు 896 దాటాయి. డ్యామ్ ఉంటుందా పోతుందా అని కింద కృష్ణ ఒడ్డు ఊళ్లన్నీ నిద్ర మానుకున్నాయి. డ్యామ్ నిలబడింది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా ఇక్కడ ఎవరి నోట విన్నా అదే మాట. గేటు పోయిన చోట నీళ్లు ఉరకలు వేస్తుండగానే డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్‌లు (గేటు చోట అడ్డంగా దించే ఉక్కు పలకలు) దించి, వారం తిరిగేసరికి ఆపగలిగారు. అందరికీ అదృష్టం అలా కలిసిరాదు. 2021 నవంబర్ 19న కడప జిల్లా చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద పడింది. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే ఇక దాన్ని ఆపడం చాలా కష్టం. ఈ సినిమాలో మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లుతుంటే హీరో, మేయరు దాని మీదే నిలబడి తీరిగ్గా పోట్లాడుకుంటారు. ఇలాంటివి కళ్లారా చూసిన ఊళ్లలో ఈ సినిమాను ‘ఒళ్లు గగుర్పొడిచే వాస్తవం’ అని రాసి అమ్ముతున్నారు.

టెలీఫిల్మ్ అంటే నాకు చిన్నచూపు లేదు. టెలీఫిల్మ్ అని చెప్పి, నలభై రూపాయలకు అద్దెకిస్తే ఒక ఆదివారం మధ్యాహ్నం చూసి నవ్వుకునే వాళ్లం. అమెరికాలో ఉన్న మా తమ్ముణ్ణి అడిగితే, ఇలాంటివి అక్కడ ప్రకటనలు వచ్చే యాప్‌లలో ఉచితంగానే దొరుకుతాయన్నాడు. ఉచితంగా ఇచ్చేదాన్ని పెద్ద సినిమా ముసుగు వేసి 399కి అమ్మడమే మోసం.

ఇక ‘తెలుగులో’ అన్న ముద్ర. ట్రైలర్ తెలుగులో ఉంది, గొంతులు కూడా బాగానే ఉన్నాయి. సినిమా పెడితే ఆడియోలో ఇంగ్లీషు, హిందీ మాత్రమే. తెలుగు ఉన్నది కింద వచ్చే అక్షరాల్లో. అవి కూడా మాట కంటే రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తాయి, దాంతో ఒకరి మాట ఇంకొకరి ముఖం మీద పడుతుంది. మా అమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టి పడుకుంది.

కస్టమర్ కేర్‌కు చాట్‌లో రాస్తే, ప్లే నొక్కాక డబ్బు వాపసు ఉండదన్నారు. ప్లే నొక్కకుండా ఆడియో ఏ భాషలో ఉందో ఎలా తెలుస్తుందని అడిగాను. ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే వచ్చింది. అటువైపు మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియలేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో స్పష్టంగా రాసి ఉంది. లేని భాష ఉందని చూపి అమ్మడం దాని కిందకే వస్తుంది. ఫిర్యాదు నంబరు చాట్‌లో పెట్టాక వాళ్ల స్వరం మారింది. డబ్బు తిరిగి ఇచ్చారు, కానీ బ్యాంకు ఖాతాలోకి కాదు, యాప్ వాలెట్‌లోకి. అంటే మళ్లీ వాళ్ల దగ్గరే ఏదో ఒకటి కొనాలి. ఖాతాలోకే వేయమని ఫిర్యాదును ఇంకా నడుపుతున్నాను.

మీరు ఇప్పటికే కొనేసి ఉంటే ప్లే నొక్కకండి. ముందు పోస్టర్ పేజీని, ‘తెలుగులో’ ముద్ర కనిపించేలా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన తర్వాత ఆ ముద్ర చప్పుడు కాకుండా మాయమైంది, స్క్రీన్‌షాట్ లేకపోతే నా మాటకు ఆధారమే ఉండేది కాదు. ఇప్పటికే ప్లే నొక్కేసి ఉంటే ఆడియో భాషల వరుస చూపించే తెరను కూడా తీయండి. డబ్బు కట్టిన మెసేజ్‌ను చెరపకండి. చూసేసిన వాళ్లు కూడా అడగండి, భాష విషయంలో అబద్ధం అబద్ధమే.

ఇంకొక్క సంగతి. ఇప్పుడు దాని పక్కనే ‘రెండో భాగం’ అని ఇంకోటి పెట్టారు, రెండూ కలిపి కొంటే 599 అట. ట్రైలర్ చూశాను. అందులో ఆ హీరో లేడు, ఆ ఊరు లేదు, డ్యామ్ కూడా లేదు. అది అగ్నిపర్వతం సినిమా.