హైదరాబాద్ స్క్వాడ్రన్ సంతకం కోసం ఇంగ్లండ్‌లో పదకొండు రోజులు

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు సరిచూసినవాణ్ణి. ఖాతాదారు నమూనా సంతకం ఉండే స్పెసిమెన్ కార్డు పక్కన పెట్టుకుని ఒత్తులు, మెలికలు పోల్చే ఆ అలవాటే రిటైరయ్యాక సంతకాల సేకరణ అయింది. చర్చిల్, మౌంట్‌బాటన్‌ల జోలికి పోను. వాళ్లను దాచుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి, ఆ తర్వాత పుస్తకాల్లో ఒక వాక్యానికో అధోజ్ఞాపికకో పరిమితమైన మంత్రులు, సైనికులు నాకు కావాలి.

ఈసారి నా మనసంతా ఒక్క దళం మీదే ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152 స్క్వాడ్రన్‌కు అధికారికంగా 'హైదరాబాద్' అనే పేరుండేది. మన నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరు అది. దళం చిహ్నంలో నిజాం తలపాగా కూడా ఉంది. 1940 జులైలో ఈ దళం స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో ఇంగ్లండ్ దక్షిణ తీరం డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ విమాన స్థావరానికి వచ్చి పోర్ట్‌లండ్ నౌకాస్థావరానికి కాపలా కాసింది. 1943 చివరికి బర్మా యుద్ధం కోసం మన దేశానికే వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి అరవై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు. ఆ దళంలో ఎగిరిన ఒక్కరి సంతకమైనా నా ఆల్బంలో ఉండాలనుకున్నాను.

రీడింగ్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాల్సిన పని ఎలాగూ ఉంది. ముందు నాలుగు రోజులు లండన్‌కు పెట్టుకున్నాను. బస విషయంలో పొరపాటు చేశాను. స్టేషన్‌కు దగ్గరని పాడింగ్టన్ పక్క వీధిలో గది తీసుకుంటే నేలమాళిగలో ఇచ్చారు. కిటికీ తెరిస్తే గోడ. లిఫ్టు లేదు. ఆ డబ్బుకు ఉత్తర శివారు హెండన్ వైపు ట్యూబ్ (భూగర్భ రైలు) లైను మీద విశాలమైన గది వచ్చేది. ఈ పని మీద వెళ్లేవాళ్లు ఊరి నడిబొడ్డున ఉండాల్సిన అవసరం లేదు.

మొదట లండన్ శివారు క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటుకు వెళ్లాను. ఎవరైనా ముందు అక్కడికే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. కొనే ముందు అసలు సంతకం ఎలా ఉంటుందో చూసుకోవాలి కదా. ఆది, సోమ వారాలు సెలవు. రీడర్స్ టికెట్ ఉచితం, గుర్తింపు పత్రం, చిరునామా రుజువు పట్టుకెళ్లాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బ్యాగులు లాకర్లో పెట్టాలి. అక్కడి సిబ్బంది ఓపికకు దండం పెట్టాలి. నా ఉచ్చారణ అర్థం కాకపోతే కాగితం మీద రాయమని, పక్కనే కూర్చుని వెతికిపెట్టింది ఒకావిడ.

స్క్వాడ్రన్ల దినచర్య రికార్డులు 'ఎయిర్ 27' అనే శ్రేణిలో ఉంటాయి. 152వ దళానివి కంప్యూటర్ తెర మీదే చూశాను. 1940 ఆగస్టు పేజీల్లో టైపు అక్షరాలు వరసగా పోతుంటాయి: ఎవరు ఎన్నింటికి గాల్లోకి లేచారు, ఎన్నింటికి దిగారు. కొన్ని పేర్లకు ఎదురుగా దిగిన టైము ఉండదు. అడుగున స్క్వాడ్రన్ లీడర్ పీటర్ డెవిట్ సంతకం. ఆ వేసవిలో దళాన్ని నడిపినవాడు. డి అక్షరం పెద్దగా, ఆఖరున రెండు టిలకు కలిపి ఒకే అడ్డగీత. దాన్ని పెన్సిలుతో నా నోటుబుక్కులో పదిసార్లు దిద్దుకున్నాను. నాకు స్పెసిమెన్ కార్డు దొరికినట్టయింది.

హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియం కూడా ఉచితమే. అక్కడున్న ఎక్స్4590 నంబరు స్పిట్‌ఫైర్ 609వ దళానిది. ఆ దళం కూడా వార్మ్‌వెల్‌ను వాడుకుంది కాబట్టి, దాని ముందు కాసేపు నిలబడ్డాను. సగం పూట చాలు. ల్యాంబెత్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం పెద్దదే గానీ సంతకాల పనికి అంతగా అక్కరకు రాదు.

ఇక కొనుగోళ్లు. లండన్‌లోని సెసిల్ కోర్ట్ చూడముచ్చటైన వీధి. పాత పుస్తకాల దుకాణాలు రెండు వరసలు. అయితే పెద్దగా పేరులేనివాళ్ల సంతకాలు అక్కడ తక్కువ, ధరలు ఎక్కువ. లండన్‌లోనే ఒక దుకాణంలో (పేరు వద్దు) యుద్ధకాలపు మంత్రి ఉత్తరమని నా చేతికిచ్చారు. పదిరెట్ల భూతద్దం పెట్టి చూశాను. పాళీతో రాసిన గీతలో ఒత్తిన చోట సిరా చిక్కబడుతుంది, గీత గీతను దాటిన చోట ఒకటి మరొకదాని పైనుంచి పోతుంది. ఇందులో మొదటి నుంచి చివరిదాకా ఒకే నలుపు, అంచుల్లో చిన్న చుక్కలు. అచ్చు వేసిన సంతకం! ఆ మాటే చెప్పాను. యజమాని కాసేపు చూసి, ఏమీ అనకుండా ఫైల్లో పెట్టేసుకున్నాడు. దాన్ని మళ్లీ ఇంకొకరికి చూపిస్తాడేమోనని ఆ రాత్రంతా మనసు బాగోలేదు.

లండన్‌లోనే బ్లూమ్స్‌బరీలో నెలకో ఆదివారం పాత పుస్తకాలు, కాగితాల సంత జరుగుతుంది. మీ ప్రయాణం తేదీలు దాన్ని బట్టే పెట్టుకోండి. బల్లల కింద అట్టపెట్టెల్లో కవర్లు కట్టలుగా ఉంటాయి. 1970, 80ల్లో వైమానిక దళ మ్యూజియం కోసం వేసిన తపాలా కవర్ల మీద అప్పటికి బతికున్న పైలట్లతో సంతకాలు చేయించారు. సాదా సైనికుల సంతకాలకు ఇంతకంటే చవకైన దారి లేదు. పేరున్నవాళ్లవి ముందే అమ్ముడుపోతాయి, మిగిలినవి పెట్టెలో అలాగే ఉంటాయి. మూడో బల్ల దగ్గర, రెండో పెట్టెలో, 1980ల నాటి కవరు మీద, పెద్ద డి. రెండు టిల మీద ఒకే అడ్డగీత. చెయ్యి కొంచెం వణికినట్టుంది. నలభై ఏళ్లు దాటింది కదా, వణుకుతుంది. నోటుబుక్కు తీసి పక్కన పెట్టి చూశాను.

"ఆయన మీకు తెలుసా?" అని అడిగింది బల్ల వెనకున్న పెద్దావిడ.

"మా ఊరి పేరుతో ఎగిరారండీ," అన్నాను.

ఇరవై రెండు పౌండ్ల ధరను ఆవిడే పద్దెనిమిది చేసింది.

హే ఆన్ వై గురించి కొంచెం చెప్పాలి. వేల్స్ సరిహద్దులో పాత పుస్తకాల ఊరు. హెరెఫోర్డ్ దాకా రైలు, అక్కడినుంచి గంట బస్సు. ఆఖరి బస్సు టైము ముందే కనుక్కోండి. ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాను. శాకాహారినని చెబితే ఇంటావిడ పుట్టగొడుగులు, టమాటాలు వేయించి, పెరుగు పెట్టింది. మొత్తం ప్రయాణంలో బస అంటే అదీ. అక్కడ ఒక చిన్న దుకాణంలో లియో ఏమరీ ఉత్తరం దొరికింది. 1940 నుంచి 45 దాకా భారత వ్యవహారాల మంత్రి. గోరఖ్‌పూర్‌లో పుట్టినవాడు. 1940 మే 7న పార్లమెంటులో పదిహేడో శతాబ్దపు పాలకుడు క్రామ్‌వెల్ మాటలు అరువు తెచ్చుకుని, "దేవుడి పేరు మీద చెబుతున్నాను, వెళ్లండి" అని సొంత పార్టీ ప్రధాని చేంబర్లేన్ మొహం మీదే అన్నవాడు. బెంగాల్ కరువు ఈయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. కన్నకొడుకును 1945 డిసెంబరులో రాజద్రోహం కింద ఉరితీశారు. ఉత్తరం మాత్రం నాలుగు లైన్లే, తన నియోజకవర్గం ఉన్న బర్మింగ్‌హామ్‌లోని ఒక ఓటరుకు. కింద నీలినలుపు సిరా అంచుల్లో గోధుమరంగుకు తిరిగింది. 1944 నాటిది.

ఇక్కడొక సంగతి. యాభై ఏళ్లు దాటిన చేవ్రాత ఉత్తరాలు, దస్తావేజులు ఆ దేశం దాటించాలంటే ధర ఎంత తక్కువైనా ఎగుమతి లైసెన్సు కావాలి. అమ్మేవాళ్లను ముందే అడగండి. లైసెన్సు వచ్చేదాకా ఏమరీ మా అమ్మాయి ఇంట్లోనే ఉంటాడు.

ఆఖరి రెండు రోజులు డోర్సెట్. లండన్ వాటర్‌లూ స్టేషన్ నుంచి వార్మ్‌వెల్‌కు దగ్గరున్న మోర్టన్‌కు రెండున్నర గంటల పైనే, అన్ని రైళ్లూ ఆగవు. డోర్చెస్టర్‌లో దిగి బస చేయడమే సుఖం. విమానాలు లేచిన నేలలో చాలాభాగం ఇప్పుడు కంకర గుంటలు, మిగతాది క్రాస్‌వేస్ అనే ఊరి ఇళ్లు. కొనడానికి అక్కడ ఏమీ లేదు. అయినా లండన్‌లో ఒక రోజు తగ్గించుకుని వెళ్లమనే చెబుతాను. వార్మ్‌వెల్ చర్చి దాకా రోడ్డు మీద కాలిబాట లేని చోట్ల గడ్డి అంచునే నడిచాను. చర్చి ఆవరణలో ఒకే తీరు తెల్లటి సమాధి రాళ్లు, వాటి మీద వైమానిక దళం గుర్తు, వయసులు. ఇరవై ఒకటి, ఇరవై మూడు. సంచిలోంచి కవరు తీసి, ఎండ తగలకుండా చెయ్యి అడ్డుపెట్టి, కాసేపు ఆ రాళ్ల ముందు పట్టుకుని నిలబడ్డాను.