పార్కర్ 51 అని చెప్పి వేరే పెన్ను అంటగట్టిండు, వరంగల్ దిక్కు కొనేటోళ్లు పైలం

పాత పెన్నులు జమ చేసే అన్నలు, ముఖ్యంగా హన్మకొండ, కాజీపేట దిక్కున్నోళ్లు ఒక్కసారి సదవుర్రి. పోయిన నెల 6,500 పెట్టి ‘పార్కర్ 51’ కొన్న. అది పార్కరే కాదు.

అమ్మినాయన ఫోన్ల ఫొటోలు పెట్టిండు. వాళ్ల తాత వకీలంట, నిజాం జమానాల కొన్నడంట. 51 అంటే ఏందన్నా అంటే ‘1951ల తయారైంది’ అన్నడు. నిజాం రాజ్యం 1948 సెప్టెంబర్లనే పాయె, 1951 పెన్ను తాత ఎట్ల కొన్నడని నాకు అప్పుడు తట్టలె. ముదురెరుపు రంగు, మెరిసే మూత చూసి మనసు గుంజింది. అసలు ఆ 51 సంవత్సరమే కాదు. 1888ల మొదలైన కంపెనీకి 51 ఏండ్లు నిండిన 1939ల ఆ నమూనా రూపుదిద్దుకుంది, అందుకే ఆ పేరు. అమ్మకానికొచ్చింది 1941ల.

పెన్ను కాజీపేట స్టేషన్ బయట చేతుల పెట్టిండు. సిరా పోసి రాసి చూస్తనంటే ‘బండి టైమైతాంది’ అన్నడు. ఇంటికొచ్చి రాస్తే కాయితం గీరుకుంటా పోయింది.

పెన్నులు బాగుజేసే పెద్దమనిషి ముందు భాగం మెల్లగ వేడిజేసి విప్పిండు. 51ల పాళీ లోపల దాగి ఉంటది, కొస ఒక్కటే బయటికి కనపడతది. మోసం జేసేటోళ్లకు కలిసొచ్చేది అదే. మామూలు 51ల బంగారం పాళీ ఉంటది. దీన్ని విప్పితే స్టీలు పాళీ, అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. ‘ఇది హీరో 616 బిడ్డా, 51 లెక్కనే కనపడే చైనా పెన్ను, మూత మీద పార్కర్ పేరు చెక్కిచ్చిండ్రు’ అన్నడు. పదో తరగతి పరీక్షలకు మా బాపు కొనిచ్చింది గసొంటిదే! మంచి పెన్నే, దాన్నేమనను. కానీ 6,500 కాదు.

అయస్కాంతానికి అతుక్కుంటే బంగారం కాదు, అతుక్కోకున్నంత మాత్రాన బంగారమనుకోవద్దు. 51లనే ఇంకో రకం, 51 స్పెషల్ల అయితే బంగారమే ఉండది, ఎనిమిది లోహాలు కలిపిన పాళీ. వెనక గొట్టం విప్పి కూడా చూడుర్రి. నొక్కి సిరా నింపే పట్టీ వచ్చిందే 1948ల, అంతకు ముందువాటికి వెనక చిన్న మూత తీస్తే నొక్కే పుల్ల ఉంటది. పట్టీ ఉన్నదాన్ని ‘1942 పెన్ను’ అంటే అక్కన్నే వాపస్ ఇయ్యుర్రి.

పైసలడిగితే నంబర్ బ్లాక్ చేసిండు. మొన్న మల్ల అవే ఫొటోలు పెట్టిండు, ఈసారి ‘కరీంనగర్ డాక్టరు పెన్ను’ అని, 7,000. మూత కొసకు చిన్న సొట్ట కనపడతది సూడుర్రి. ఆ సొట్ట పెన్ను ఇప్పుడు నా టేబుల్ మీదనే ఉన్నది.