పుల్ రిక్వెస్టా, మెయిల్లో ప్యాచా: మొదటి కాంట్రిబ్యూషన్‌కి ఏది మేలు?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడు అందించడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ లాంటి చోట రిపోను (ప్రాజెక్టు కోడు ఉండే చోటు) ఫోర్క్ చేసుకుని, అంటే సొంత నకలు తీసుకుని, మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టడం ఒకటి. చేసిన మార్పును ప్యాచ్‌గా (ఏ లైన్లు మారాయో చూపే ఫైలుగా) తీసి ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టుకు పంపడం ఇంకోటి. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, కోడు మార్పుల చరిత్ర దాచే గిట్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇప్పటికీ రెండో దారిలోనే నడుస్తున్నాయి. దాన్ని పాతచింతకాయ పచ్చడని తీసిపారేసేవాళ్లున్నారు, అసలు సిసలు పని అక్కడే జరుగుతుందని మీసం మెలేసేవాళ్లూ ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ రెండు మాటలతోనూ పనిలేదు. తప్పు దొర్లితే ఎవరి టైము పోతుందన్నదే చూసుకోవాలి.

ఒక ప్రాజెక్టులో ఏ దారి నడవాలో నిర్ణయించేది మాత్రం మనం కాదు, ఆ ప్రాజెక్టు. గిట్‌హబ్‌లో కనిపించే కెర్నెల్ రిపో నకలు మాత్రమే. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెడితే పట్టించుకునే నాథుడు ఉండడు. మన చేతిలో ఉన్నది, ఏ ప్రాజెక్టుతో మొదలుపెట్టాలన్నదొక్కటే.

సరంజామా

పుల్ రిక్వెస్ట్‌కి కావలసింది తక్కువ. అకౌంటు తెరిచి, ఫోర్క్ చేసి, క్లోన్ చేసి (మీ కంప్యూటర్లోకి దించుకుని), కొత్త బ్రాంచ్ (విడి పాయ) తీసి, మార్చి, కమిట్ చేసి (గిట్‌లో నమోదు చేసి), పుష్ చేస్తే (తిరిగి సైటుకు పంపితే) పుల్ రిక్వెస్ట్ బటన్ దానంతటదే కనిపిస్తుంది. ఇందులో చాలామంది జారిపడేది బ్రాంచ్ దగ్గర. ఫోర్క్‌లోని మెయిన్ బ్రాంచ్ మీదే కమిట్ చేసి పుల్ రిక్వెస్ట్ పెడతారు. వారం తర్వాత అదే మెయిన్‌లో వేరే ప్రయోగం చేసి పుష్ చేస్తే అదీ పాత పుల్ రిక్వెస్ట్‌లోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే ఒక మార్పుకు ఒక బ్రాంచ్.

మెయిల్ దారికి మొదటిసారి ఒక సాయంత్రం కేటాయించండి. ఉబుంటు, డెబియన్‌లలో గిట్ సెండ్-ఈమెయిల్ కమాండు గిట్‌తో పాటు రాదు, గిట్-ఈమెయిల్ అనే ప్యాకేజీ వేరుగా వేసుకోవాలి. జీమెయిల్ వాడితే రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. సర్వర్ సెట్టింగులో పోర్టు 587, ఎన్‌క్రిప్షన్ టీఎల్ఎస్. బ్రౌజర్లో జీమెయిల్ తెరిచి ప్యాచ్‌ను అందులో పేస్ట్ చేద్దామనుకుంటే పని చెడుతుంది. అది ట్యాబుల్ని స్పేసులుగా మార్చేస్తుంది, 78 అక్షరాల దగ్గర లైన్లు విరిచేస్తుంది. కెర్నెల్ సీ కోడులో ఇండెంటేషన్ ట్యాబులతోనే ఉంటుంది కాబట్టి ఆ ప్యాచ్ ఎవరి దగ్గరా అతకదు. హెచ్‌టీఎంఎల్ మెయిల్‌నైతే కెర్నెల్ లిస్టు సర్వర్లు లోపలికే రానివ్వవు.

ఆఫీసు మెయిల్‌తో మరో చిక్కు. కింద "ఈ సందేశం గోప్యం, పొరపాటున అందితే చెరిపేయండి" అనే తోక దానంతటదే చేరుతుంది. అందరికీ కనిపించే లిస్టులో గోప్యమని రాసి ఉన్న కోడును మెయింటెయినర్ (ప్రాజెక్టులోకి ఏది చేరాలో చూసుకునే మనిషి) ఎలా తీసుకుంటాడు? కంపెనీ సర్వర్ దారికి రాకపోతే బీ4 అనే పరికరం ఉంది. మెయిల్ సర్వర్ జోలికి పోకుండా వెబ్ ద్వారానే కెర్నెల్ లిస్టులకు ప్యాచ్ పంపే వీలు అందులో ఉంది.

సరంజామా విషయంలో పుల్ రిక్వెస్టే మేలు, అనుమానం లేదు.

తప్పు దొర్లితే

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పుల్ రిక్వెస్ట్‌లో పంపాక కూడా దిద్దుకోవచ్చు. టెస్టు ఫెయిలైతే ఇంకో కమిట్ పుష్ చేస్తాం, టైటిల్ తప్పయితే మారుస్తాం, డ్రాఫ్ట్‌గా పెట్టి మెల్లగా పూర్తి చేస్తాం. ఆ వెసులుబాటే బద్ధకానికీ దారి తీస్తుంది. "ముందు పెట్టేద్దాం, మిగతాది వాళ్లే చూస్తారు" అన్న ధోరణి వచ్చేస్తుంది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రిపోలో జరిగింది అదే. ఒక ట్యుటోరియల్ వీడియో చూసి, పుల్ రిక్వెస్ట్ నేర్చుకుంటున్నామంటూ మన దేశపు విద్యార్థులు చాలామంది రీడ్‌మీ ఫైల్లో తమ పేర్లు చేర్చి పంపారు. రిపోను వాచ్ చేస్తున్నవాళ్లందరికీ ఒక్కోదానికి ఒక్కో నోటిఫికేషన్. అక్టోబర్లో పుల్ రిక్వెస్టులు పెట్టినవాళ్లకు టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఇలాంటి వరదే వచ్చింది. ఆ దెబ్బకు, ఒప్పుకున్న రిపోల్లో పెట్టినవే లెక్కలోకి వచ్చేలా ఆ నెలలోనే నిబంధన మార్చారు. బటన్ నొక్కడం ప్రాక్టీసు చేయాలంటే మీ సొంత రిపో ఒకటి సరిపోతుంది.

మెయిల్ అలా కాదు, పంపాక వెనక్కి రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా కెర్నెల్ వాళ్లు ముందే చేయించే పనులు కొన్నున్నాయి. చిన్న ఉదాహరణ తీసుకుందాం: ఒక నెట్‌వర్క్ డ్రైవర్లో మెమరీ దొరకనప్పటి చెక్ లేదు, రెండు లైన్లు చేర్చాలి. ముందు ఆ ఫైలు గిట్ లాగ్ చూసి సబ్జెక్టు ముందు ఏ ప్రిఫిక్స్ పెడుతున్నారో గమనించాలి. సబ్జెక్టు 70-75 అక్షరాలు దాటకూడదు. కింద సమస్య ఏమిటో, ఎప్పుడు బయటపడుతుందో, ఈ మార్పు ఎందుకు సరైనదో రాయాలి. లైనుకు 75 అక్షరాలు. బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో తెలిస్తే ఫిక్సెస్ అనే లైనులో దాని హ్యాష్ (కమిట్ గుర్తింపు సంఖ్య) మొదటి 12 అక్షరాలు, సబ్జెక్టు ఇవ్వాలి. కమిట్ చేసేటప్పుడు హైఫన్ ఎస్ ఇస్తే సైన్డ్-ఆఫ్-బై లైను చేరుతుంది. తర్వాత కోడు శైలి తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపాలి. గెట్ మెయింటెయినర్ స్క్రిప్టుకు ప్యాచ్ ఫైలు ఇస్తే ఎవరికి, ఏ లిస్టుకు పంపాలో అదే చెబుతుంది. అప్పుడు కూడా మొదట మీకు మీరే పంపుకుని, వచ్చిన మెయిల్‌ను గిట్ ఏఎం కమాండుతో అతికించి చూడండి. అక్కడ అతికితే లిస్టులోనూ అతుకుతుంది.

సైన్డ్-ఆఫ్-బై అంటే మర్యాదకు చేసే సంతకం కాదు. ఈ కోడు ఇచ్చే హక్కు నాకుందని ఇచ్చే హామీ. 2004 నుంచి కెర్నెల్లో ఉన్న ఆనవాయితీ ఇది. గిట్‌హబ్ వైపు కొన్ని పెద్ద ప్రాజెక్టులు దీనికి బదులు ఒప్పంద పత్రం మీద సంతకం అడుగుతాయి. కుబర్నెటిస్‌లో అది పూర్తయితే గానీ మీ మార్పు కలవదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు రెండింటికీ ముందు తమ ఆఫర్ లెటర్‌తో వచ్చిన ఒప్పందం తిరగేయాలి. ఆఫీసు టైము బయట రాసిన కోడు కూడా కంపెనీదేనని అందులో ఉండొచ్చు.

రెండు దారుల్లోనూ ఎక్కువగా విసిగించే తప్పు ఒకటుంది. ఎడిటర్లో సేవ్ చేయగానే ఫార్మాట్ అయ్యే సెట్టింగు ఆన్‌లో ఉంటుంది. మార్చింది రెండు లైన్లు, డిఫ్‌లో (ఏం మారిందో చూపే జాబితాలో) కనిపించేవి నాలుగొందలు. కమిట్‌కి ముందు గిట్ యాడ్ హైఫన్ పీతో ముక్క ముక్కగా చూసి చేరిస్తే ఈ గొడవే ఉండదు.

రివ్యూ, జవాబు, ఎదురుచూపు

పుల్ రిక్వెస్ట్‌లో కామెంట్ ఆ లైను పక్కనే కనిపిస్తుంది, కొత్తవాళ్లకు అది పెద్ద సాయం. కానీ రివ్యూ మధ్యలో రీబేస్ చేసి (కమిట్లను తిరగరాసి) ఫోర్స్ పుష్ చేస్తే (పాతవాటి స్థానంలో బలవంతంగా పెడితే) రివ్యూ చేసిన మనిషి తాను ఎంతవరకు చూశాడో వెతుక్కోవాలి. ఆఖర్లో అన్నిటినీ స్క్వాష్ చేసి (ఒకే కమిట్‌గా మార్చి) కలిపే ప్రాజెక్టులో దిద్దుబాట్లను విడి కమిట్లుగా చేర్చడమే మంచిది. కమిట్లను విడివిడిగా ఉంచే ప్రాజెక్టులో మాత్రం చివరికి శుభ్రం చేయక తప్పదు. ఏది ఏదో రిపోలోని కాంట్రిబ్యూటింగ్ అనే నియమాల ఫైల్లో ఉంటుంది. లేకపోతే ఈమధ్య కలిసిన ఓ పది పుల్ రిక్వెస్టులు చూస్తే తెలిసిపోతుంది.

మెయిల్లో ప్రతి దిద్దుబాటూ కొత్త వెర్షనే. ఫార్మాట్-ప్యాచ్‌కి హైఫన్ వీ2 ఇస్తే సబ్జెక్టులో వీ2 పడుతుంది. ఏం మారిందో, ప్యాచ్‌లో కమిట్ సందేశం తర్వాత వచ్చే మూడు గీతల కింద రాయాలి. అక్కడ రాసింది కమిట్ చరిత్రలోకి వెళ్లదు, రివ్యూ చేసేవాళ్లకు మాత్రం కనిపిస్తుంది. జవాబు రాసేటప్పుడు వాళ్ల ప్రశ్నను ఉంచి దాని కిందే మీ మాట రాయండి, అక్కర్లేనిది కత్తిరించండి. మొత్తం మెయిల్ కింద ఉండగా పైన "ఓకే సార్, చేస్తాను" అని పెడితే ఏ ప్రశ్నకు ఓకే అన్నారో ఎవరికీ అర్థం కాదు.

ఈ "సార్" గురించి కూడా చెప్పాలి. "రెస్పెక్టెడ్ సార్, దయచేసి ఈ ఇష్యూ నాకు అసైన్ చేయండి" అన్నది మనవాళ్ల చేత్తో తరచూ వస్తుంది. మన దగ్గర అది మర్యాదే. అక్కడ దాన్ని ఎవరూ తప్పు పట్టరు గానీ దానివల్ల పనీ జరగదు. "ఈ బగ్ నా దగ్గర ఫలానా వెర్షన్లో వస్తోంది, కారణం ఫలానా ఫంక్షన్‌లో ఉందనుకుంటున్నాను, ఇలా సరిచేయనా?" అని అడిగితే పేరు పెట్టి పిలిచినా అదే గౌరవం. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక టెక్స్ట్‌గా పెట్టడం కూడా అందులో భాగమే, దాన్ని వెతకొచ్చు, కాపీ చేయొచ్చు.

ఎదురుచూడడంలో ఓపిక రెండుచోట్లా కావాలి. కెర్నెల్ పత్రాలు చెప్పే కనీస గడువు వారం. కొత్త వెర్షన్ 9-10 వారాలకోసారి వస్తుంది, అందులో మొదటి రెండు వారాలు మెర్జ్ విండో, అంటే కొత్త మార్పుల్ని కెర్నెల్లో కలిపే సమయం. ఆ రెండు వారాలూ నెట్‌వర్కింగ్ వాళ్లు కొత్త ఫీచర్లు తీసుకునే నెట్-నెక్స్ట్ రిపో మూసే ఉంటుంది, అప్పుడు కొత్త ఫీచర్ పంపితే తిప్పికొడతారు. 24 గంటల్లోపు మళ్లీ వెర్షన్ పంపొద్దని కూడా వాళ్ల నియమం.

మరి ఏది?

మీరు రోజూ వాడే, గిట్‌హబ్‌లో ఉన్న, ఓ మోస్తరు ప్రాజెక్టుకు పుల్ రిక్వెస్ట్‌తో మొదలుపెట్టడం మేలు. కాకపోతే బటన్ నొక్కేముందు దాన్ని మెయిల్ ప్యాచ్‌లాగే తయారుచేయండి: ఒక్క మార్పు, కారణం చెప్పే కమిట్ సందేశం, నడిపి చూసిన టెస్టులు. డ్రైవర్లు, ఎంబెడెడ్ రంగంలో పని చేయాలనుకునేవాళ్లు మాత్రం మొదటి రోజు నుంచే మెయిల్ నేర్చుకోండి, ఎలాగూ తప్పదు. మధ్యేమార్గం కావాలంటే గిట్ ప్రాజెక్టే ఉంది. గిట్‌గిట్‌గ్యాడ్జెట్ అనే బాట్ పుల్ రిక్వెస్ట్‌ను మెయిల్ ప్యాచ్‌గా మార్చి లిస్టుకు పంపుతుంది. మొదటిసారి వచ్చినవాళ్లకు అప్పటికే అనుమతి ఉన్న ఎవరో ఒకరు "/allow" అని కామెంట్ పెట్టాలి, తర్వాత మీరు "/submit" అని కామెంట్ పెడితే చాలు.

తెలుగు అనువాదాలు చేద్దామనుకునేవాళ్లకు ఈ రెండూ కావు. లిబ్రె ఆఫీస్ అనువాదం వెబ్లేట్‌లో, ఫైర్‌ఫాక్స్‌ది పాంటూన్‌లో, మీడియావికీది ట్రాన్స్‌లేట్‌వికీలో జరుగుతుంది. అనువాదాల ఫైలును నేరుగా దిద్ది పుల్ రిక్వెస్ట్ పెడితే, వెబ్లేట్ నుంచి వచ్చే తర్వాతి కమిట్‌తో అది ఢీకొంటుంది.