నెల్లూరు స్థలానికి ఒంగోలు స్థలం: మార్పిడి చేయించిన ఆఫీసు గురించి

మా వారు ఉద్యోగంలో ఉన్నప్పుడు నెల్లూరు పొదలకూరు రోడ్డు వైపు 30 అంకణాల స్థలం కొన్నారు. ఇప్పుడు నేను ఒంగోలులో అబ్బాయి దగ్గర ఉంటున్నాను కాబట్టి, అది ఇచ్చి ఇక్కడ స్థలం తీసుకుందామనుకున్నాను. రెండేళ్ల కిందట ఒక బ్రోకరు "పార్టీ రెడీగా ఉందమ్మా" అని 2 లక్షలు తన ఖాతాలో వేయించుకున్నాడు. పార్టీ రాలేదు. డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాను. ఆ టెన్షన్‌తోనే నెల్లూరు దర్గామిట్టలో స్థలాల మధ్యవర్తిత్వం చేసే ఈ ఆఫీసుకు వెళ్లాను.

గోడకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ పత్రం ఉంది. "దీన్ని చూసి నమ్మేయకండమ్మా. రెరాలో నమోదైన వెంచర్లు, అపార్టుమెంట్లు అమ్మిపెట్టడానికి ఇది కావాలి. మీ పాత స్థలానికి దీనితో పనిలేదు" అని అక్కడి అబ్బాయే చెప్పాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

మార్పిడి సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఆఫీసువాళ్లు తమ ఖాతాలోకి రానివ్వలేదు. విలువల్లో తేడా సొమ్ముకు ఒంగోలు స్థలం వాళ్లు రిజిస్ట్రేషన్ రోజున నా పేరిట డీడీ ఇచ్చారు. మధ్యవర్తి సొమ్ము పట్టుకోవాల్సి వస్తే కట్టడి ఎలా ఉండాలో మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడి కూతురు అద్దెకిచ్చిన ఇల్లు అమ్మి ఇంకోటి కొంది. అక్కడ అమ్మకం లాభం మీద పన్ను వాయిదా పడాలంటే 45 రోజుల్లో కొత్త ఆస్తి చూపించి, 180 రోజుల్లో కొనాలి. అప్పటిదాకా డబ్బు పట్టుకునే సంస్థ 10 లక్షల డాలర్ల పూచీ బాండో, దానికి బదులు చట్టం ఒప్పుకునే మరో భద్రతో చూపాలి. పొరపాట్లకు 2.5 లక్షల డాలర్ల బీమా వేరే. మన దగ్గర కూడా జనం సొమ్ము పట్టుకునే ప్రతి మధ్యవర్తికీ అలాంటి కట్టడి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

రెండు స్థలాలకూ ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రాలు), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) తీయించారు, రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22ఏ జాబితా చూశారు. రెండు అమ్మకాలుగా రాస్తే స్టాంపు డ్యూటీ రెండింటికీ పడుతుందనీ, మార్పిడి దస్తావేజైతే ఎక్కువ విలువున్నదాని మీదే పడుతుందనీ వివరించారు. స్థలానికి స్థలమేగా, పన్నెందుకు అనుకున్నాను. మార్పిడి కూడా ఆదాయపు పన్ను చట్టంలో బదిలీయేనట, క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి బదిలీ మీద వచ్చే లాభం) లెక్క చూసుకోవాలని ఆడిటర్ దగ్గరకు పంపారు.

లోపమంటే ఆలస్యం. నాలుగు నెలలు పట్టింది, మధ్యలో ఫోన్ ఎత్తని రోజులున్నాయి. దస్తావేజు మొదటి కాపీలో మాది అంకణాల్లో, వాళ్లది గజాల్లో రాశారు. అంకణానికి 8 గజాల లెక్కన 240 గజాలని నేనే పట్టుబట్టి మార్పించాను. కమీషన్ ఇద్దరి దగ్గరా 1 శాతం చొప్పున తీసుకున్నారు. ఆ సంగతి మొదటి రోజే కాగితం మీద రాసి, ఇద్దరి చేతా సంతకం పెట్టించారు.